లచ్చవ్వ కోసిన రిబ్బను

1989 మార్చి, మంగళవారం

నవ్వీ నవ్వీ దవడలు నొప్పెడుతున్నాయి. లోపల మాత్రం చిన్న దిగులు.

పసుపు ఆరబెట్టుకోవడానికి మన ఎమ్మెల్యే మంజూరు చేయించిన సిమెంటు కల్లానికి ఈరోజు ప్రారంభోత్సవం. ఆయన పది గంటలకు రావాలి. పదకొండున్నరైనా జాడ లేదు. నేను పేపరుకు రాసి పంపే వార్తల కవరేమో పన్నెండు గంటల బస్సులో నిజామాబాద్ పోవాలి. ఎప్పటిలాగే, 'ఎమ్మెల్యే రిబ్బను కత్తిరించి ప్రారంభించారు' అని ముందే రాసేసి కండక్టరు చేతిలో పెట్టాను.

తిరిగొచ్చేసరికి కల్లం నిండా పసుపు! డెబ్బై ఏళ్ల లచ్చవ్వ రిబ్బను కింది నుంచి దూరి, ఉడికించిన పసుపంతా పరిచేసిందట. ఆమెను చూసి మిగతావాళ్లూ పరిచారు. రిబ్బను మాత్రం అలాగే ఉంది.

మూడింటికి జీపు దిగిన ఎమ్మెల్యే, కాలు పెట్టే చోటు లేక నిలబడిపోయారు.

"ఏందవ్వా, జర ఆగొద్దా?"

"నేనాగుత బిడ్డా. ఎండ ఆగుతదా?"

ఆయన పగలబడి నవ్వి, కత్తెర ఆమె చేతికిచ్చారు. "ఓపెనింగ్ నువ్వే చేసినవ్. ఇగ రిబ్బను గూడ నువ్వే కొయ్యి."

ఆ చప్పట్లు వినాలి! లచ్చవ్వ రిబ్బను ముక్కను కొంగున ముడేసుకుని నా దగ్గరకొచ్చింది.

"రేపు పేపర్ల నా పేరొస్తది గదా బిడ్డా? పొద్దుగాల్నే వస్త, సదివి చెప్పు."

వార్త మార్పిద్దామంటే పేపరాఫీసుకు ట్రంకాల్ కలవలేదు. ఆమెకు చదువు రాదు. రేపు పేపరు విప్పి, అందులో లేని ఆమె పేరును గట్టిగా చదివేస్తాను. ఆ వార్త మొత్తంలో నిజమైన మాట అదొక్కటే అవుతుంది.