న్యాయమైన ధర అని రాశాను

నవంబర్ 3, సోమవారం

దొరికింది! పంటలను కంపెనీ లెక్కల్లో ఎలా చూపాలో చెప్పే ప్రమాణం, మొత్తం, ప్రభుత్వ గెజిట్‌లోనే ఉంది. పైసా కట్టక్కర్లేదు. కంటోన్మెంట్ బస్టాపులో నిలబడి ఫోన్‌లోనే చదివేశాను. ఎక్కాల్సిన బస్సు కళ్ళ ముందే వెళ్ళిపోయింది, వెళ్ళనీ.

కోతకు ముందు, చేలో నిలబడి ఉన్న పైరు కూడా ఆస్తేనట. దానికీ విలువ కట్టి చూపాలట. ఇన్నేళ్ళుగా బి.కాం. పిల్లలకు ఆస్తి అంటే యంత్రాలు, లారీలు, బిల్డింగులు అనే చెప్పాను. వరి పండే జిల్లాలో కూర్చుని!

వివరణలు, చేసి చూపిన ఉదాహరణలు ఉన్న పుస్తకం మాత్రం కొనాలి. ధర చూసి మూసేశాను.

నవంబర్ 4

గురుపాదప్ప సార్ ఆఫీసుకు పరుగు. నాకు ఈ విద్య నేర్పిన ఆడిటర్ ఆయనే. కొత్తది ఏం తెలిసినా ముందు ఆయనకే చెప్పాలి నేను.

"అది ఎప్పట్నుంచో ఈడనే ఉండాది గదమ్మా. నువ్వు యాడ చూస్తాంటివి?" — నవ్వారు.

తర్వాత అసలు విషయం. మా కామర్స్ లెక్చరర్ల సంఘం పదిహేనో తేదీ, శనివారం చర్చ పెడుతోంది. వృత్తి ప్రమాణాలను వివరణలతో సహా జనానికి ఉచితంగా ఇవ్వాలా, వద్దా? వద్దనే వైపు సార్. ఇవ్వాలనే వైపు మాట్లాడటానికి ఎవరూ రాలేదట, ఆయన ఎదుట.

"నేను వస్తా సార్."

అనేశాను! ఆయన కళ్ళద్దాలు తీసి చూశారు. "నువ్వా వనజా? భేష్."

నవంబర్ 6

ఆ ప్రమాణంలో ముఖ్యమైన భాగాన్ని తెలుగులో పెడుతున్నాను. ఒక్క పేజీ. ఒక్కో వాక్యం నమిలి మింగాల్సి వస్తోంది. అన్నం చల్లారిపోయింది... ఆపబుద్ధి కావడం లేదు.

నవంబర్ 9, ఆదివారం

సిరిగేరి. సుంకమ్మ వదిన ఇల్లు. వడ్లు పండించే ఆడవాళ్ళంతా కలిసి పెట్టుకున్న చిన్న కంపెనీలో వదిన ఒక డైరెక్టర్. కళ్ళంలో అందరినీ కూర్చోబెట్టి, "చదువు వనజా" అంది.

చదివాను. పైరు ఆస్తి అన్న చోట వాళ్ళలో హనుమక్క ఆపేసింది. "కొయ్యకముందేనా? చేలో ఉన్నెప్పుడేనా?" అవునన్నాను. "సూడు మరి! మా ఇంటాయన అదేమి ఆస్తి అంటాడు." ఒకటే నవ్వులు.

ఇంగ్లీషులో 'ఫెయిర్ వాల్యూ' అని ఉన్న చోట నేను 'న్యాయమైన ధర' అని రాశాను. ఆ మాట వినగానే అందరూ ఒక్కసారిగా "ఆఁ..." అన్నారు. అలాంటి "ఆఁ" క్లాసులో ఎప్పుడూ వినలేదు.

వదిన మాట: "ఏడాదికోసారి మా మీటింగులో ఇంగ్లీషులో చదువుతారు, మేము చప్పట్లు కొడతాం. పుక్కటగా ఇస్తే ఏమి, మాకు తెలీని భాషలో ఇస్తే?"

ఇది నాకెందుకు తట్టలేదు? ఉచితం అంటే సగమే. శనివారం ఇదే చెబుతాను. పేజీ వాళ్ళ దగ్గరే వదిలి వచ్చాను. జిరాక్స్ తీయించుకుంటారట. దారంతా నాలో నేనే నవ్వుకున్నాను.

నవంబర్ 12

వదిన ఫోన్.

నా పేజీ పట్టుకుని మిల్లుకు వెళ్ళారట. "న్యాయమైన ధర ఇయ్యాలని రూల్ ఉండాది, సూడప్పా" అని చూపించారట. మిల్లు యజమాని బసవరాజప్పకు ఒళ్ళు మండింది. "ఇది యావ రూలు? మీ వడ్లే నాకు వద్దు, పోండి." ట్రాక్టర్లు వడ్లతో తిరిగొచ్చాయి. ఆకాశం మబ్బు పట్టి ఉందట.

ప్రమాణం చెప్పింది అది కాదు. కొనేవాడికీ అమ్మేవాడికీ ఏ ఒత్తిడీ లేనప్పుడు, ఆ రోజు మార్కెట్లో పలికే ధర — అంతే. అదీ లెక్కలో రాసుకోవడానికే. ఫలానా ధర ఇవ్వమని ఎవరినీ అడగడానికి కాదు. పైగా ఇది పెద్ద కంపెనీలకు వర్తించేది, వదిన వాళ్ళ కంపెనీకి కాదు. నాకు ఇవన్నీ తెలుసు. పేజీ మీద ఒక్కటీ రాయలేదు.

నవంబర్ 13

సెలవు పెట్టి సిరిగేరి వెళ్ళాను. అంతా విడమర్చి చెప్పాను. హనుమక్క ముఖం తిప్పుకుంది. వదిన — "ఇది ఆ పొద్దే చెప్పాల్సింది గదా వనజా. నీ మాట మీదనే గదా పోయినాము."

వదినతో కలిసి మిల్లుకు. తప్పు వాళ్ళది కాదు, నేను పెట్టిన మాటది అన్నాను. బసవరాజప్ప చాలాసేపు గొణిగాడు. "నలుగురిలో నన్ను అన్యాయం చేసేవాణ్ణి చేస్తిరి గదమ్మా." నిజమే, నాకది తట్టనేలేదు. చివరికి — "తోలుకొని రాండి. ఈ పొద్దుటి రేటే, జాస్తి అడగొద్దు."

గేటు దాకా వచ్చేశాం. వెనక నుంచి కేక. "మేడమ్! సరిగ్గా రాసినాక నాకూ ఒకటి ఇయ్యండి. మా ఆడిటర్ చెప్పేది నాకు మాత్రం అర్థమైతాందా ఏమి?"

వదినకు నవ్వు ఆగలేదు. నాకూ.

వాన రాలేదు. వడ్లు మిల్లు చేరాయి.

నవంబర్ 15, శనివారం

చర్చ అయిపోయింది. ఇంకా ఒంట్లో వేడి తగ్గలేదు, వరసగా రాయలేను.

సార్ ముందు మాట్లాడారు. ప్రమాణాలు రాసేవాళ్ళు ఏళ్ళ తరబడి పనిచేస్తారు, పుస్తకం అమ్మకపోతే వాళ్ళ జీతం ఎవరిస్తారు? పెద్ద కంపెనీలు ఇస్తే ఆ కంపెనీలకు నచ్చినట్టే రాయరా? ఇక సగం తెలిసినవాడి చేతిలో పడితే... అంటూ ఆగి నా వైపు చూశారు. మిల్లు సంగతి ఆయనకు తెలుసు, నేనే ముందు చెప్పాను. అయినా ఆయన ఎత్తలేదు. నాకే వదిలేశారు.

చెప్పాను. సిరిగేరి, ట్రాక్టర్లు, నా మాట, అన్నీ. "తప్పు రాసింది నేను. అది తప్పని పట్టుకునే దారి వాళ్ళకు లేదు. మూలం ఇంగ్లీషులో ఉంది, వివరణ కొనే పుస్తకంలో ఉంది. రెండూ వాళ్ళ చేతిలో, వాళ్ళ భాషలో ఉండి ఉంటే, సుంకమ్మ వదిన కళ్ళంలోనే నన్ను ఆపేది. మనల్ని నమ్మడం తప్ప వాళ్ళకు ఇంకో దారి లేకుండా చేసి, వాళ్ళది సగం తెలివి అంటే ఎట్లా?"

చివరి మాట ఎట్లా వచ్చిందో తెలియదు. వెనక వరుసలో ఎవరో బల్ల చరిచారు.

చేతులెత్తితే సార్ వైపే ఎక్కువ. ఓడిపోయాను! అయినా గెలిచినంత సంబరం. హగరి నుంచి వచ్చిన లెక్చరర్ ఒకావిడ, తమ ఊళ్ళ కోసం కన్నడంలో తాను పెడతానంది. సార్ దిగి వచ్చి, "ఆ పేజీ పంపు. నేను దిద్దుతా. మళ్ళీ ట్రాక్టర్లు వాపసు రాకూడదు" అన్నారు.

జీతం ఎవరిస్తారు అన్నదానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. ఆలోచించాలి.

నవంబర్ 18

సార్ దిద్దిన పేజీ వచ్చింది. ఇది పెద్ద కంపెనీలకు మాత్రమే అని అన్నిటికన్నా పైన పెట్టారు. 'న్యాయమైన ధర' కొట్టేసి 'మార్కెట్ ధర' అని రాశారు.

వదినకు ఫోన్‌లో చదివి వినిపించా. అన్నిటికీ ఊఁ కొట్టింది, ఆ మాట దగ్గర తప్ప. "మార్కెట్ ధర ఎంతో మాకు తెలీదా? ఎవరి బలవంతమూ లేనప్పుడు పలికే ధర అంటివి గదా. మాకు వానకు ముందర అమ్మాలని బలవంతం, అప్పుకు బలవంతం. మరి మాకు పలికేది ఆ ధర యాడైతాది?"

...

ఫోన్ పెట్టేసి వెంటనే సార్‌కు చెప్పాను. ఆయన — "ఆమె అడిగింది సరైన ప్రశ్న వనజా. ప్రమాణం రాసేవాళ్ళు కూడా దీని మీదనే కొట్లాడుకుంటారు."

నవంబర్ 20

పేజీ అచ్చుకు ఇచ్చిన ప్రెస్ నుంచి ఫోన్. "మేడమ్, ఆ ఒక్క మాట ఖాళీ వదిలినారు. ఏం పెట్టాల?"

రేపటిదాకా ఆగమన్నాను. రేపు సార్ నాతో సిరిగేరి వస్తున్నారు. ఆయనే అడిగారు, "మీ వదిన ఎప్పుడు ఖాళీగా ఉంటాదమ్మా" అని! వదినకు చెబితే — "రానీ. కుర్చీ వేస్తాం. మాట మాత్రం మాకు ఒప్పితేనే."

ఇద్దరూ మొండివాళ్ళు. మధ్యలో నేను. ఏ మాట కుదురుతుందో, అసలు కుదురుతుందో లేదో...

తెల్లారితే బాగుండు.