పెద్దమ్మ శాంపిల్

12 జనవరి 2016, విజయనగరం
శృంగవరపుకోట కొండల దగ్గర కోతుల పెంట ఏరడం అయిపోయింది. ఇక మనుషులది. కోతుల్లోనైనా మనుషుల్లోనైనా జీన్స్ మారినకొద్దీ కడుపులో బాక్టీరియా కూడా వాటితోపాటే మారుతూ వచ్చింది. ఆ జోడీ ఎక్కడ చెడిందో కనిపెడితే నాకు పీహెచ్‌డీ. గైడ్ భీమశంకరరావు గారు భావనపాడు ఎంచుకున్నారు. నేను ఆ ఊరి పిల్లనని నాలుగేళ్లకి గుర్తొచ్చింది ఆయనకు.

24 జనవరి, భావనపాడు
డబ్బాలు చూసి ఆడవాళ్లంతా ఛీ అన్నారు. మా అప్పలనరసమ్మ పెద్దమ్మే చేపల గంప దించి ముందుకొచ్చింది. మాదీ కోతిదీ ఒకటేనేటే అని పగలబడి నవ్వింది. ఆవిడ ఇచ్చాకే మిగతావాళ్లూ ఇచ్చారు. "ఏటైనా తేడా ఉంటే సెప్పాలే, అనితా" అంది. చెప్తానన్నాను.

25 జనవరి, సాయంత్రం 5
పెద్దమ్మది తారులా నల్లగా ఉంది. లోపల రక్తం పోతున్నా అలాగే ఉంటుంది. సార్‌కి చెప్పాను. ఐరన్ మాత్రలు వేసుకుంటోందేమో అన్నారు. మనం డాక్టర్లం కాదన్నారు. పేరు పెట్టి ఎవరికైనా చెప్తే ఎథిక్స్ కమిటీ ప్రాజెక్టు ఆపేస్తుందన్నారు.
ఫోన్ తీశాను. పెట్టేశాను. మార్చిలో నా ఫెలోషిప్ రెన్యువల్‌కి సార్ సంతకం కావాలి.

9 మార్చి
డేటాలో పెద్దమ్మ ఒక్కతే ఎవరితోనూ కలవడం లేదు. ఔట్‌లయర్, తీసెయ్ అన్నారు సార్. తీసేశాను.

3 జూలై
పెద్దమ్మ కూతురు అమ్మడు ఫోన్ చేసింది. పెద్దమ్మ రక్తం కక్కుకుందట. విశాఖ తీసుకెళ్లారట. కడుపులో కేన్సర్, బాగా ముదిరిందట. ఐదారు నెలల ముందు తెచ్చి ఉంటే ఏదైనా చేసేవాళ్లం అన్నాడట డాక్టరు.


4 జూలై
ఎథిక్స్ కాగితాలు ఇవాళ మొదటిసారి పూర్తిగా చదివాను. చెప్పకూడదని ఎక్కడా లేదు.

19 ఆగస్టు, భావనపాడు
పెద్దమ్మ పోయిన పదకొండో రోజు. అందరూ భోజనాలకి లేచాక అమ్మడికి మొత్తం చెప్పేశాను. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండేది.
"జనవరిలోనే తెలుసేటే నీకు?" అంది.
అనుమానం వచ్చిందన్నాను. ఆ మాట నాకే అసహ్యంగా వినిపించింది. తెలుసన్నాను.
"మాయమ్మది ఇంకా మీ కాడ ఉన్నాదా?" అని అడిగింది.
ఉంది, ఫ్రీజర్‌లో, అన్నాను.
"తెచ్చీయే. కోతులతోటి ఉంచకు."

22 ఆగస్టు, టెక్కలి బస్సు
థర్మోకోల్ పెట్టె ఒళ్లో పెట్టుకున్నాను. ఐస్ కరిగి బట్టలు తడుస్తున్నాయి. చేపలా అమ్మా అని కండక్టర్ అడిగాడు. మా పెద్దమ్మ అన్నాను. ఒక్క టికెట్టే కొట్టాడు.