మూడో వాల్వు

జనవరి 6, మంగళవారం

ఈయన మళ్ళీ ఆఫీసుకు వెళ్ళారు. వారానికి మూడు రోజుల కాంట్రాక్టు. పొద్దున్నే రౌస్ హిల్‌లో మెట్రో ఎక్కించి వచ్చాను. ఐటీ వదిలేసి ఆరేళ్ళు కూరగాయలు పండించిన మనిషికి ఇస్త్రీ చొక్కా తొడిగేసరికి మొహం వాడిపోయింది. ఏం చేస్తాం, వానల్లేవు.

మంగళ, బుధ, గురువారాలు తోటకి నీళ్ళు పెట్టడం ఇక నా డ్యూటీ. ఒకటో వాల్వు గోంగూరకి, రెండోది వంగకి, మూడోది దోసపాదులకి. కారు దిగుతూ ఒక్కటే చెప్పారు. గోంగూర పోతే పోయింది, దోసకి మాత్రం ఆపకు.

ఆ దోస విత్తనం క్వేకర్స్ హిల్ సత్యనారాయణ అంకుల్ ఇచ్చింది. ముప్ఫై ఏళ్ళు పెరట్లో పండించి తీసిన విత్తనం. అంకుల్ పోయారు. పెరడూ పోయింది, ఇప్పుడక్కడ డ్యూప్లెక్స్. ఈయన ఏటా మంచి కాయలు చూసి, ఎవరూ కోయకుండా ఎర్ర గుడ్డపీలిక కట్టి, పాదు మీదే పండనిస్తారు. గింజలు కడిగి, బూడిదలో కలిపి ఆరబెట్టి, కాఫీపొడి సీసాలో దాస్తారు. నా నగలెక్కడున్నాయో ఈయనకి తెలీదు. ఆ సీసా ఎక్కడుందో మాత్రం నిద్రలో లేపినా చెప్తారు.

జనవరి 10

44 డిగ్రీలు. ఈ దేశంలో జనవరి అంటే నడివేసవి. మాగ్‌పై పిట్టలు నోళ్ళు తెరుచుకుని కంచె మీద కూర్చున్నాయి.

జనవరి 14

డ్యామ్ అడుగంటుతోంది. పొలం మూలన ఉన్న నీటిగుంటనే ఇక్కడ డ్యామ్ అంటారు. పంపు పైపు బురదలో కూరుకుపోయింది. పదింటికే గోంగూర తలలు వేలాడేసింది. పెండిల్ హిల్ షాపు ఈశ్వరప్రసాద్ అంకుల్ ఫోన్ చేసి, ఈ వారం గోంగూర ఎన్ని కట్టలిస్తావమ్మా అని అడిగారు. వారం వారం తప్పకుండా అమ్ముడయ్యేది అదొక్కటే. ఉన్న నీళ్ళు మూడింటికీ చాలవు.

మూడో వాల్వు కట్టేశాను. ఇవాళ్టికి మాత్రమే.

జనవరి 15

ఇవాళ కూడా.

జనవరి 22

మూడు రోజులూ కట్టేశాను. సాయంత్రం ఈయన పాదుల దగ్గర నిలబడి, ఎండ బాగా కొడుతోంది, పాపం, అన్నారు. పాపం అన్నది పాదుల్ని. వాల్వు సంగతి చెప్పలేదు. గోంగూర నిలబడితే ఈ తోట నిలబడుతుంది, అప్పుడు చెప్దాంలే అనుకున్నాను. ఇలాంటి లెక్కలు వేయడంలో నన్ను మించినవాళ్ళు లేరు.

జనవరి 24, శనివారం

పప్పులోకని దోసకాయ కోశాను. ఎప్పటిలాగే వండేముందు చిన్న ముక్క నోట్లో వేసుకున్నాను. చేదు విషం. ఇంకోటి కోశాను. అదీ అంతే. మూడోదీ అంతే. మూడూ బిన్‌లో పడేసి పైన న్యూస్‌పేపర్ కప్పాను.

గీతిక చూసింది. మా అమ్మాయికి తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. ఫోన్‌లో వెతికి, వాటర్ స్ట్రెస్ మమ్, నీళ్ళు తక్కువైతే బిటర్ అవుతాయట అంది. నాన్నకి చెప్పకు అన్నాను. నా మొహంలోకి కాసేపు చూసి, ఓకే, వాటెవర్, అని వెళ్ళిపోయింది.

జనవరి 30

ఈశ్వరప్రసాద్ అంకుల్ రెండు క్రేట్ల దోసకాయలు వెనక్కి పంపారు. ఈయనకి ఫోన్ చేసి మర్యాదగానే చెప్పారు. హేమచంద్ర గారూ, కస్టమర్లు ఊరుకోవట్లేదండీ, అన్నారట.

ఈయన చాకు పట్టుకుని పాదుపాదుకీ ఒక కాయ కోసి నాలిక మీద పెట్టుకున్నారు. ఉమ్మేస్తూ ముందుకు వెళ్ళారు. ఇరవై రెండు పాదులు. నేను బకెట్ పట్టుకుని వెనకాలే నడిచాను. చివరి పాదు దగ్గర కూలబడి, విత్తనం చెడిపోయింది, అంకుల్ ముప్ఫై ఏళ్ళు కాపాడింది నా చేతుల్లో చెడింది, అన్నారు.

చెప్దామని నోరు తెరిచాను. కాఫీ తాగుతారా అని అడిగాను.

జనవరి 31

పాదులన్నీ పీకేశారు. ఎర్ర పీలికలు కట్టిన కాయల్ని కూడా వదల్లేదు. వీటన్నిటికీ మూలం ఆ సీసానే కదా అని, అందులో మిగిలిన గింజలు కంపోస్టు మీద ఒంపేశారు. చేదు విత్తనం ఇంకొకళ్ళ పెరట్లోకి వెళ్ళకూడదట. సీసా నా చేతికిచ్చి కడగమన్నారు.

కడిగాను. రెండుసార్లు.

ఫిబ్రవరి 5

గోంగూర ఏపుగా ఉంది. కట్టలు కట్టి షాపుకి పంపాను.

ఫిబ్రవరి 13

వాన. రాత్రి మొదలై ఇంకా కురుస్తూనే ఉంది. డ్యామ్‌లోకి నీళ్ళు దిగుతుంటే ఈయన కిటికీలోంచి చూసి, ఇప్పుడెందుకు, అన్నారు. అంతే. మళ్ళీ లాప్‌టాప్ తెరుచుకున్నారు. ఈ మనిషి దుఃఖం నేను చేసిందే. ఇద్దరం ఒకే టేబుల్ మీద అన్నం తింటున్నాం.

ఫిబ్రవరి 22, ఆదివారం, ఉదయం పదకొండు

కంపోస్టు మీద దోస మొలకలు. ముప్ఫై దాకా ఉంటాయి. ఈయన గొంతుక్కూర్చుని ఒక్కొక్కటే పీకుతున్నారు. సగం పైగా పీకేశాక వెళ్ళి చెప్పాను. విత్తనం చెడలేదు, మీరు ఆఫీసుకెళ్ళిన రోజుల్లో మూడో వాల్వు నేనే కట్టేశాను, అని.

చెయ్యి ఆగిపోయింది.

ఇప్పుడు పీకినవాటిని ఏరి, వేలితో గుంట చేసి, ఒక్కొక్కటీ మళ్ళీ నాటుతున్నారు. వేర్లు తెగినవి కూడా. ఎండ నెత్తి మీదికొచ్చింది. నా వైపు చూడలేదు.

నీళ్ళు తెమ్మన్నారు.