చివరి పొలం దగ్గర వదిలేసిన మాట

పారమట్టా,
ఆదివారం

అక్కకు,
తమ్ముడు రవి నమస్కారాలు. నాకు ఒంట్లో బాగానే ఉంది. నువ్వూ, బావగారూ, చిన్నదీ కులాసాగా ఉన్నారని తలుస్తాను. బావగారి మోకాలి నొప్పి తగ్గిందా? ఫోనులో చెబితే నేను అరుస్తాను, నువ్వు ఏడుస్తావు. అందుకే రాస్తున్నాను.

ఇక్కడ చలికాలం. ట్రైను దిగి నడిచేసరికి వేళ్ళు కొయ్యబారిపోతాయి. వండుకునే ఓపిక లేక చాలా రోజులు పెరుగన్నమే. బెంగపడకు, తింటూనే ఉన్నాను. అలసట పని వల్ల కాదక్కా, ఒకే మాట రోజుకు ఆరుసార్లు చెప్పడం వల్ల.

నా పని తెలుసుగా. తొలి ఇంగ్లీషు వలసదారులు దున్నిన పాత పొలాన్ని సందర్శకుల కోసం నిలిపి ఉంచారు. వచ్చినవాళ్ళను తిప్పుతూ మేనేజరు హెలెన్ రాసిచ్చిన పాఠం చెప్పాలి. ధైర్యవంతులు వచ్చారు, ఖాళీ నేలను పండించారు అని. ఈ దేశంలో స్థిరపడేందుకు ఇచ్చే పీఆర్‌కి కావలసిన అనుభవ పత్రం ఆవిడే ఇవ్వాలి. అది చేతికొచ్చేదాకా గొడవలకు పోనని నీకు మాటిచ్చాను.

రెండు వారాల క్రితం తెలుగు బడి పిల్లలు వచ్చారు. మన పిల్లలే కదా అని ఆ పాఠం పక్కన పెట్టేశాను. ఇలాంటి కాలనీలు అంతకు చాలా ముందే అమెరికాలోని వర్జీనియాలో మొదలయ్యాయని ఇంగ్లీషులో చెప్పాను. లండన్ వ్యాపారులు వాటాలు వేసుకుని కంపెనీ పెట్టడం, రాజు దగ్గర పట్టా పుచ్చుకోవడం, ఓడ ప్రయాణానికి బదులు ఏళ్ళ తరబడి చాకిరీకి పేద కుర్రాళ్ళు సంతకాలు పెట్టడం, పొగాకు తోటల్లో ఎందరో గడువు తీరకముందే పోవడం, ఆ తర్వాత ఆఫ్రికా మనుషుల్ని కొని తెచ్చి ఆ తోటల్లో దించడం. ఇక్కడికి ఇంగ్లీషు ఖైదీలను తెచ్చారు, అంతే తేడా అన్నాను. కాలేజీ రోజుల్లో కరపత్రాల్లో చదివిందంతా కక్కేశాను. అక్కడైనా ఇక్కడైనా గడువు తీరినవాళ్ళకు దక్కిన నేల వాళ్ళ చెమటకు దక్కిన హక్కు అని చెయ్యెత్తి మరీ చెప్పాను.

పిల్లలతో వచ్చిన, ఆ బడి నడిపే డాక్టర్ ప్రసాద్ అంకుల్ నన్ను పక్కకు పిలిచారు.

"ఏంటి బాబూ, పిల్లల్ని పిక్నిక్‌కి తెస్తే మీటింగ్ పెట్టేశావు?"

"నిజమే చెప్పానంకుల్."

"నిజం ఎక్కడికీ పోదు. నీకు పీఆర్ వచ్చిందా?"

"ఇంకా లేదు."

"వచ్చాక చెప్పు. నేనే చప్పట్లు కొడతా."

నాకు ఒళ్ళు మండింది. అక్కడి తోట చూసుకునే ఆంటీ రూత్ నేను పిల్లలకు చెప్పిందంతా విన్నది. ఆవిడ ఈ నేల ఆదివాసులైన దారుగ్ జాతి పెద్ద. వాళ్ళలోనూ పెద్దావిడను గౌరవంగా ఆంటీ అనే పిలుస్తారు.

"ఆ గడువు తీరినవాళ్ళకి ఇక్కడ దక్కిన నేల ఎవరిది?" అని అడిగింది. ఆ వెంటనే తనే అంది, "కంపెనీని తిట్టావు, రాజుని తిట్టావు. హెలెన్ కాగితంలో మావాళ్ళు లేరు. నీ కథలోనూ లేరు."

ఆవిడ మీద కోపం రాలేదు. సిగ్గేసింది.

సంగతి హెలెన్‌కి తెలిసి, ఇక పాఠం దాటనని నాచేత సంతకం పెట్టించుకుంది. నీకిచ్చిన మాట కోసం పెట్టాను. మళ్ళీ ఖాళీ నేల, ఖాళీ నేల. ఆంటీ పక్కనే మొక్కలకు నీళ్ళు పోస్తూ ఉండేది.

నిన్న సందర్శకులను తిప్పుతూ చివరి పొలం దగ్గర ఆగి, ఇక్కడి నుంచి ఆంటీ చెబుతారు అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"నా వయసంతా చెబుతూనే ఉన్నాను, అలసిపోయాను. నువ్వు వదిలేసింది నువ్వే చెప్పు."

చెప్పాను. ఇది ఖాళీ నేల కాదని, నది ఒడ్డున దారుగ్ వాళ్ళు దుంపలు తవ్వుకుని బతికేవారని, కంచె వేసింది వాళ్ళ తిండి చుట్టూ అని, చాకిరీ నుంచి బయటపడ్డవాళ్ళు కూడా ఆ నేలే తీసుకున్నారని. వెనకాల హెలెన్ నిలబడి ఉంది.

పొద్దున్న రాబోయే వారాల డ్యూటీల జాబితా వచ్చింది. నా పేరు లేదు. పత్రం ఇస్తుందో లేదో తెలీదు. మాట తప్పాను. కానీ ఈసారి గొంతు పెంచలేదక్కా. వేరే పని వెతుక్కుంటాను, నువ్వు దిగులు పడకు. బావగారికి నెమ్మదిగా చెప్పు. ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త నల్లకారం పంపు.

ఇందాక ప్రసాద్ అంకుల్‌కి ఫోన్ చేసి, పిల్లలకు తప్పు చెప్పాను, సరిచేయాలి అన్నాను.

"ఉద్యోగం పోయినట్టేనా?"

"అలాగే ఉందంకుల్."

"వచ్చే ఆదివారం పదింటికి బడికి రా. పది నిమిషాలే ఇస్తా," అన్నారు.

పెద్దమ్మకు, పెదనాన్నకు నా దండాలు. చిన్నదానికి ముద్దులు. తిట్టాలనిపిస్తే తిట్టు, ఆ చివర్నే దీవించు.

నీ తమ్ముడు,
రవి