రెండు తెల్ల చీరలు

అమ్మా,

రేపు ఉదయం మన చర్చిలో నా పెళ్లి.

నిశ్చితార్థం కాగానే కొన్న తెల్ల పట్టుచీరను నువ్వు నాన్న పాత పంచెలో చుట్టి బీరువాలో దాచావు. సముద్రపు గాలికి చెమ్మ పడుతుందని ప్లాస్టిక్ కవరు వద్దన్నావు. ప్రతి ఆదివారం ఆరాధన నుంచి రాగానే విప్పి, జరీ చిట్లకుండా మడత మార్చేదానివి. మంచం పట్టాక నాచేత మార్పించి, తప్పులు పట్టేదానివి. ఆ పక్కనే ఉన్న రెండో పంచె మూట ఏమిటని అడిగితే మాట దాటేసేదానివి.

నువ్వు పోయిన రోజు నీకు కట్టడానికి తెల్లచీర తీసింది పిన్నే. పెట్టె మూత వేసే ముందు నీ భుజం మీద వెండి జరీ అంచు చూశాను. అది నా పెళ్లిచీర. అందరూ పాట పాడుతున్నారు. నేనూ గొంతు కలిపాను.

ఈ సాయంత్రం ఇస్త్రీ చేద్దామని పిన్ని మిగిలిన మూట విప్పింది. అంచైనా లేని తెల్ల నూలుచీర. నీకు కట్టింది నా పెళ్లిచీరని, మూత వేసే ముందే చూశానని అప్పుడు పిన్నికి చెప్పాను.

"తెల్లది కనబడితే అక్క దాచుకున్నదే అనుకున్నాను. నువ్వు చూసినావు గదా, అప్పుడే ఎందుకు చెప్పలేదే?"

"చెప్తే విప్పేదానివా పిన్నీ?"

"పద, నెల్లూరు పోయి ఇంకోటి తెచ్చుకుందాం."

"వద్దు, ఇదే కట్టుకుంటాను."

"చావుకు దాచింది పెళ్లికి కడతారా ఎవరైనా!"

ఇస్త్రీ నేనే చేశాను. ఇది ఎప్పుడు కొనుక్కున్నావో నాకు చెప్పనైనా లేదు. దాచడం మాత్రం బాగా దాచావమ్మా, ఒక్క మరకైనా లేదు.