మారిన్ వస్తే తలుపు తియ్యి

ఆర్న్, మంచు తీసే బండి దిగి అలాగే నిద్రపోకు. పొయ్యి మీద చారు ఉంది, వేడి చేసుకుని తాగి పెద్దాసుపత్రికి రా. ఫోన్ చేస్తూనే ఉన్నాను, ఆ తుఫానులో నువ్వు దొరకలేదు.

నిన్న పైకప్పున్న ఆటల డోమ్‌లో సాఫ్ట్‌బాల్ ఆడుతుంటే, స్నేహితురాలు మారిన్ కొట్టిన బంతి మన అమ్మాయి సిగ్నె ఎడమ కంటికి తగిలింది. పైన దీపాల వెలుగులో బంతి కనబడలేదట. ఆ కన్ను ఇక దక్కదని, రేపు తీసెయ్యాలని డాక్టరు చెప్పారు. ముఖానికి అడ్డంగా ఇనప జాలీ పెట్టుకోమని నేను దాన్ని పోరుతుంటే, "చలికాలం సరదా ఆటకి అదెందుకే" అన్నది నువ్వే. ఇప్పుడు అనకూడని మాటే, కానీ మింగలేకపోతున్నాను.

బట్టల కోసం ఇంటికొచ్చేసరికి మారిన్ మన మెట్ల మీద గడ్డకట్టుకుపోయి కూర్చుంది. లోపలికి రమ్మంటే, "ఏ మొహం పెట్టుకుని రానాంటీ" అని ఏడుస్తూ వెళ్ళిపోయింది. మళ్ళీ వస్తుంది. ఆ పిల్లని ఒక్క మాట కూడా అనకు. నీతోపాటు తీసుకురా, సిగ్నె దానికోసమే అడుగుతోంది.

టోరా

కన్ను తీసేస్తారని సిగ్నెకి ఇంకా తెలియదు. వాపు తగ్గితే చూపు వస్తుందనుకుంటోంది. నువ్వే చెప్పాలి. పొద్దున్నించీ చెబుదామని చూస్తున్నాను, నాకు నోరు రావడం లేదు.