పాటలో చనిపోయిన వెర్నీస్ టాలివర్ ఆస్తి పంపకం

బ్రాంక్స్‌లో నివసిస్తున్న వెర్నీస్ టాలివర్ అనే నేను, డెబ్బై ఆరేళ్ళ వయసులో, ఎవరి ఒత్తిడీ లేకుండా ఈ వీలునామా రాయిస్తున్నాను. నా బుద్ధి స్థిరంగానే ఉంది. కోపం కూడా అలాగే ఉంది.

1. దీని అమలు బాధ్యత ఓపల్ గ్రీర్‌ది. నల్లవాళ్ళ హక్కుల కోసం పోరాడిన పాంథర్ల పార్టీలో ఉన్నప్పుడు ఆమె, నేను చర్చి కింది గదిలో బడిపిల్లలకు పొద్దున్నే వండిపెట్టేవాళ్ళం. నా ఇనప మూకుడు ఆమెకు.

2. పార్టీ ఆఫీసు మూతపడినప్పుడు నేను ఇంటికి మోసుకొచ్చిన లౌడ్‌స్పీకర్లు మా బిల్డింగు అద్దెదారుల సంఘానికి. పోలీసులు వెతికే ఇద్దరికి ఇంట్లో చోటిచ్చి, వాళ్ళ పేర్లు చెప్పనందుకు నేను జైలుకెళ్ళాను. నేను జైల్లో ఉండగా నా చెల్లెలి కొడుకు టైరెల్ ఆ లౌడ్‌స్పీకర్లకు వీధి దీపం నుంచి కరెంటు లాగి, పార్కులో రికార్డులు తిప్పుతూ ర్యాప్ నేర్చుకున్నాడు. మా ఉపన్యాసాలకు రాని పిల్లలు వాటి ముందు గుమిగూడారట. విని గర్వపడ్డాను.

3. టైరెల్‌కు ఏమీ లేదు. నన్ను చూడ్డానికి జైలుకు వస్తూపోతూనే, తనకు పేరు తెచ్చిన పాటలో నన్ను జైలు ఆవరణలో తుపాకితో కాల్పించి చంపేశాడు. విడుదలైన కొన్నాళ్ళకు అతని కచేరీకి వెళ్ళాను. పాట మధ్యలో హాలంతా పిడికిళ్ళెత్తి నాకోసం మౌనం పాటించింది. పక్కనున్న అమ్మాయితో ఆ వెర్నీస్‌ని నేనే అన్నాను. "ఊరుకోమ్మా, చచ్చిపోయినావిడకి కాస్త మర్యాదివ్వు" అని కసిరింది. తెర వెనక్కి వెళ్ళి నిలదీశాను. "పెద్దమ్మా, చచ్చిపోయిన నీకోసం జనం లేచి నిలబడుతున్నారు. బతికున్న నువ్వేమో చలికాలంలో బిల్డింగు హీటరు పనిచెయ్యట్లేదని ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నావు. దాని మీద పాట కడితే ఎవడు వింటాడు చెప్పు?" అన్నాడు. ఆ తిరగడమే ఇప్పుడు నా ఉద్యమం అని చెప్పబోయాను. ఈలలు వినపడగానే వేదిక మీదికి పరిగెత్తాడు.

4. పార్టీ రోజుల్లో వేసుకున్న నా నల్ల తోలు కోటు అతని కూతురు జొవీటాకు. "జైలు నుంచి వచ్చాక ఏం చేశావు నానమ్మా?" అని ఇన్నేళ్ళలో అడిగింది అదొక్కతే. చేతులు పొడుగైతే మడుచుకోమనండి.

5. నా అంత్యక్రియలకు టైరెల్ రావచ్చు, పాడకూడదు. శవపేటిక మూత తీసే ఉంచండి. అందరికన్నా ముందు అతనే వచ్చి చూడాలి. ఒంటి మీద ఏ తూటా గాయమూ లేదని, తన పెద్దమ్మ ముసలిదయ్యాకే పోయిందని.

2022 నవంబర్ 14
(సంతకం) వెర్నీస్ టాలివర్

సాక్షులు: ఇర్మా కోలోన్ (పక్కింటావిడ), ఎల్బర్ట్ స్పైవీ (చర్చి పాస్టరు)